నాలుగు సిగ్నళ్లు చదివితే నెలకు 10 శాతం రాదు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గితే రియల్ ఎస్టేట్ కంపెనీల షేర్లు కొనాలి. రూపాయి పడితే ఐటీ షేర్లు కొనాలి, లేదంటే యాప్‌లో డాలర్ మీదే ట్రేడింగ్ చేయాలి. జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి విలువ) పెరిగితే నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ), వానలు బాగుంటే ట్రాక్టర్, ఎరువుల షేర్లు. ఈ నాలుగు సిగ్నళ్లు చదవడం వస్తే నెలకు 10 శాతం ఖాయమని దాని సారాంశం. వడ్ల పైసలు చేతికొచ్చిన ఇళ్లలో పిల్లలు దీన్ని నమ్మి షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాలు తెరుస్తున్నారు. అందుకే ఇందులో ఒక్కో మాటనూ విడిగా పట్టి చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ మంది నమ్ముతున్నది రెపో, ఇళ్ల షేర్ల మాట. వడ్డీ తగ్గితే ఇళ్లు ఎక్కువ అమ్ముడుపోతాయి, కంపెనీకి లాభం వస్తుంది, షేరు పెరుగుతుంది. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు జరిగింది చూడండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంక్ రెపోను 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. వడ్డీ అంత ఎక్కువగా ఉన్న 2023లోనే రియల్ ఎస్టేట్ కంపెనీల షేర్ల కదలికను చూపే నిఫ్టీ రియల్టీ సూచీ 80 శాతం దాకా పెరిగింది. 2025లో నాలుగుసార్లు తగ్గించి రెపోను 5.25 శాతానికి దించారు. ఆ ఏడాది అదే సూచీ నష్టంతో ముగిసింది. మెసేజ్ చెప్పినట్టు చేసినవాళ్లు 2023లో దూరంగా ఉండిపోయి, 2025లో కొని నష్టపోయి ఉంటారు.

దీనికి కారణం ఉంది. షేరు ధర కదిలేది వార్తకు కాదు, జనం అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాకు. పావు శాతం తగ్గుతుందని నెల ముందు నుంచే అందరూ అనుకుంటుంటే, ఆ పావు శాతం అప్పటికే ధరలో కలిసిపోతుంది. 2025 జూన్ 6న రియల్టీ షేర్లు గట్టిగా పెరిగిన మాట నిజమే. ఎక్కువ మంది పావు శాతం తగ్గుతుందని ఎదురుచూస్తే ఆ రోజు అర శాతం తగ్గింది. ఆ తేడాకే ధర ఎగిరింది. ఉదయం 10 గంటలకు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ నిర్ణయాన్ని చదవడం మొదలుపెట్టగానే పెద్ద సంస్థల కంప్యూటర్లు ఆర్డర్లు పెట్టేస్తాయి. మన ఫోన్‌కు ఆ వార్త చేరి, మనం చదివి, యాప్ తెరిచేలోపు ఎగరాల్సింది ఎగిరిపోయి ఉంటుంది.

పైగా 20 లక్షల ఇంటి అప్పును 20 ఏళ్లకు తీసుకుంటే, వడ్డీ 8.5 నుంచి 8.25కి దిగినప్పుడు నెలకు తగ్గేది దాదాపు 315 రూపాయలు. ఆ 315 చూసి ఎవరూ ఇల్లు కొనరు. ఉద్యోగం నిలకడగా ఉందా, చేతిలో ముందు కట్టే డబ్బుందా, ఫ్లాటు ధర అందుబాటులో ఉందా అన్నవే పెద్ద విషయాలు.

ఇంకో పొరపాటు మన దగ్గర మరీ ఎక్కువ. చౌటుప్పల్, ఆమనగల్లు, షాద్‌నగర్ వైపు రీజినల్ రింగ్ రోడ్డు పేరుతో ప్లాట్ల ధరలు పెరగడం చూసి రియల్టీ షేర్లూ పెరుగుతాయని అనుకుంటున్నారు. ఆ సూచీలో ఉన్నవి డీఎల్ఎఫ్, లోధా, గోద్రెజ్ ప్రాపర్టీస్, ఒబెరాయ్ లాంటివి. వాటి వ్యాపారం ఎక్కువగా గురుగ్రామ్, ముంబయి, బెంగళూరు వైపు. అదే సూచీలోని ఫీనిక్స్ మిల్స్ ప్రధానంగా మాల్స్ నడిపే కంపెనీ. మన ఊరి గుంట ధరకూ వాటికీ సంబంధం లేదు.

ఇక రూపాయి సంగతి. 2022 మొదట్లో డాలర్‌కు 74 రూపాయల పైన ఉండేది, ఏడాది చివరికి 82 దాటింది. మెసేజ్ ప్రకారం ఐటీ షేర్లకు అది పండుగ కావాలి. నిఫ్టీ ఐటీ సూచీ ఆ ఏడాది నాలుగో వంతు పడిపోయింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీని దాదాపు సున్నా నుంచి 4 శాతం పైకి తీసుకెళ్లడమే ఇందులో ప్రధాన కారణం. దాంతో డాలర్ బలపడి రూపాయి పడింది. అక్కడి ఖాతాదారులు ఖర్చులు తగ్గించుకుంటారన్న భయంతో ఐటీ షేర్లూ పడ్డాయి. ఒకే కారణం రెంటినీ కిందికి లాగినప్పుడు, ఒకదాన్ని చూసి రెండోదాన్ని కొంటే ఏం మిగులుతుంది?

డాలర్ మీద నేరుగా ట్రేడింగ్ చేయమన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా, ఎందుకంటే ఇది చట్టంతో చెలగాటం. మన దేశంలో కరెన్సీ ట్రేడింగ్‌కు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ లాంటి గుర్తింపు పొందిన ఎక్స్చేంజీలు ఉన్నాయి. అక్కడ కూడా దిగుమతో ఎగుమతో, లేదా వేరే కారణంగానో డాలర్‌తో నిజంగా లావాదేవీ ఉన్నవాళ్లే రూపాయి-డాలర్ ధర మీద కాంట్రాక్టులు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2024లో స్పష్టం చేసింది. ఊరికే పందెం కాయడానికి అనుమతి లేదు. విదేశీ ఫారెక్స్ యాప్‌లకు డబ్బు పంపి ట్రేడింగ్ చేస్తే విదేశీ మారక లావాదేవీల చట్టం ఫెమా కింద చర్యలు తీసుకోవచ్చు. అనుమతి లేని యాప్‌ల జాబితాను రిజర్వ్ బ్యాంక్ తన వెబ్‌సైట్‌లో పెట్టింది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

జీడీపీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మూడు నెలల లెక్క, ఆ మూడు నెలలు గడిచిన రెండు నెలలకు వస్తుంది. 2020 ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ఆగస్టు 31న ప్రకటించారు. మార్చిలో 7,600 దగ్గర ఉన్న నిఫ్టీ అప్పటికే 11,000 దాటింది.

వానల మాట మనకు మనసుకు దగ్గరైనది కాబట్టి త్వరగా నమ్ముతాం. 2009లో దేశమంతటా వానలు మామూలు కంటే 22 శాతం తక్కువ పడ్డాయి. ఆ ఏడాది ముంబయి షేర్ల సూచీ సెన్సెక్స్ 81 శాతం పెరిగింది. ఏడాది ముందు ప్రపంచ సంక్షోభంలో కుప్పకూలిన మార్కెట్ లేచిన ఏడాది అది, వానతో పని లేకుండానే లేచింది. అదే కరువు ఏడాదిలో అక్టోబర్‌లో వరద వచ్చి అలంపూర్ ప్రాంతాన్ని ముంచింది. దేశం మొత్తం లెక్క ఒకటి, మన జిల్లా బతుకు ఇంకొకటి. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొస్తాయా లేదా అన్నది కూడా ఎక్కువగా మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడే వాన మీదే ఆధారపడుతుంది.

వడ్డీకీ ఇళ్లకూ, రూపాయికీ ఎగుమతులకూ సంబంధమే లేదని నేను అనను. ఉంది, అయితే ఏళ్ల మీద కనిపిస్తుంది, వంద ఇతర కారణాలతో కలిసి. ఈ వార్తలు మన ఇంటికి పనికొచ్చేది వేరే చోట. రెపో తగ్గితే ముందు మీ ఇంటి అప్పు స్టేట్‌మెంట్ తీయండి. రెపోతో ముడిపడిన అప్పుల వడ్డీని బ్యాంకు కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. తగ్గలేదంటే బ్రాంచికి వెళ్లి అడగండి. ఆ తగ్గింపు అప్పు తీరేదాకా మీ జేబులోనే ఉంటుంది.

నెలకు 10 శాతం చొప్పున లక్ష రూపాయలు పెరుగుతూ పోతే ఐదేళ్లకు 3 కోట్లు దాటాలి. అలాంటి విద్య తెలిసినవాళ్లు దాన్ని గ్రూపుల్లో పంచరు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో (షేర్ల ధర ముందుముందు ఎటు పోతుందన్న దాని మీద చేసుకునే ఒప్పందాల్లో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే.

ఇంత చెప్పాక కూడా ఎవరైనా సలహా అమ్మడానికి వస్తే సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, సెబీ సైట్‌లో సరిచూడండి. రిజిస్టరైన సలహాదారు ఎవరూ లాభానికి గ్యారంటీ ఇవ్వకూడదు. ఇప్పటికే ఏదైనా మోసపు యాప్‌కు డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఖాతాల్లోనే ఉంటే ఆపే వీలుంటుంది, గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది.