మా నర్సరీలో అడ్మిషన్లు

మొక్క కొనడానికి వచ్చేవాళ్ళలో చాలామంది పువ్వు చూసి కొంటారు. సంచిని పైకెత్తి, అడుగున వేరు చుట్టలు చుట్టుకుందా, అంటు అతికిందా అని చూసేవాడు ఎక్కడో ఒకడుంటాడు. అతనంటే నాకు గౌరవం. మిగిలినవాళ్ళు కారెక్కి వెళ్ళిపోయాక మా పనివాళ్ళతో కలిసి కాస్త నవ్వుకుంటాను. ఇన్నేళ్ళుగా నవ్వుకున్న పాపం ఊరికే పోతుందా?

మాది కడియపులంక. దవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి ఈ ప్రాంతానికి కాలువ నీళ్ళు, వాటితోపాటు గోదావరి ఒండ్రు. ఇప్పుడు రోడ్డుకు ఏ పక్క చూసినా నర్సరీలే. మా ఊళ్ళో చంటిపిల్లవాడిని అడిగినా నర్సరీ అంటే మొక్కల తోట అంటాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పక్క తోటవాళ్ళకు వెబ్‌సైటు చూసి పుణె నుంచి ఎవరో లారీ లోడు మొక్కలు అడిగారని మా బావమరిది కబురు తెచ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు రాజమహేంద్రవరం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చెప్పులకు బురద అంటుతున్నా తోటంతా తిరిగాడు. తిరుగుతున్నంతసేపూ ప్రశ్నలే. "సైటు పేరు మీ పేరునే నమోదు చేయించుకోవాలండి, మీ ఈమెయిలుతోనే. ఏటా దానికి రుసుము కట్టాలి. సైటు ఉంచే సర్వరుకు అద్దె వేరు. తొలకరికి ధరలు మారతాయి కదా, అప్పుడు ఎవరు మారుస్తారు? ఫోటోలు వాట్సాప్‌లో పంపకండి, నాణ్యత తగ్గిపోతుంది. నేనే వచ్చి తీసుకుంటాను." అన్నీ అయ్యాక 45 వేలు, నెలన్నర అన్నాడు.

నెలన్నరా! ఆ వ్యవధిలో జామకొమ్మకు గాలి అంటు కట్టి వేళ్ళు పోయిస్తాను నేను.

"ఇతను చెప్పినవన్నీ మనకు పనులే బావగారూ," అన్నాడు మా బావమరిది. "హైదరాబాదు వాళ్ళయితే మనకు అసలు పనే లేదంటున్నారు."

ఆ హైదరాబాదు కంపెనీ సొంత వెబ్‌సైటు తెరిచి చూపించాడు. తెరవగానే మేఘాలు కదిలాయి. అంకెలు గిరగిరా తిరిగి 500 దగ్గర ఆగాయి. అంతమంది ఖాతాదారులు వాళ్ళ పనికి మురిసిపోయారట. కింద ముగ్గురు ఫోటోలతో సహా మెచ్చుకున్నారు. ఆ ముగ్గురిలో ఒక్కరికైనా ఫోను చేద్దామని నాకు తట్టలేదు. పెళ్ళి సంబంధమైతే పాలుపోసే ఆయనను కూడా వదలకుండా వాకబు చేసే వంశం మాది. ధర 18 వేలు, గడువు వారం, మొదటి ఏడాది సైటు పేరు ఉచితం. ఆ పేరు ఎవరి పేరున ఉంటుందని అడగలేదు. సంచి పైకెత్తి చూడలేదు, పువ్వు బాగుంది, కొనేశాను.

వాళ్ళు ఒక ప్రశ్నల పత్రం పంపారు. మా బావమరిది తన డిగ్రీ ఇంగ్లీషు మొత్తం ఖర్చు పెట్టి దాన్ని నింపాడు. ఏ వ్యాపారం? నర్సరీ. ఎన్ని ఉన్నాయి? 40 వేలు. ఏ వయసువి? మూడు నెలల నుంచి అయిదేళ్ళ దాకా. ప్రత్యేకత? ఒక్కోదాని మీద విడిగా శ్రద్ధ. ఎక్కడెక్కడ ఉన్నాయి? మా దగ్గర పెరిగినవి బెంగళూరు, ఢిల్లీ దాకా పేరు తెచ్చుకున్నాయి. పత్రం మొత్తంలో మొక్క అన్న మాట ఒక్కచోటా లేదు. నర్సరీ అన్నాక మళ్ళీ మొక్కలని చెప్పడమెందుకని మావాడి ఉద్దేశం.

మొక్క అన్న మాట ఉన్నది ప్రెస్సువాళ్ళు ఇచ్చిన కరపత్రంలో. అది 'అను' అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మన తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలుగా మారిపోతుంది. వాళ్ళు దాన్ని పాడైన ఫైలనుకుని పక్కన పడేశారు. వాట్సాప్‌లో పంపిన 60 ఫోటోలూ మసకగా ఉన్నాయని, మంచివి తామే పెట్టుకుంటామని అన్నారు. ఇంతా చేస్తే పని చేసింది వాళ్ళు కూడా కాదు. కౌలుకు తీసుకున్న పొలాన్ని మరొకరికి కౌలుకిచ్చినట్టు, ఎక్కడో ఉత్తరాది ఊరివాళ్ళకు అప్పగించారు.

విజయదశమి నాడు కొబ్బరికాయ కొట్టి, పక్క తోటవాళ్ళను కూడా పిలిచి, సైటు తెరిచాను.

ఇంద్రధనుస్సు. దాని కింద బెలూన్లు. బెలూన్ల కింద నలుగురు బొద్దు పిల్లలు, వాళ్ళలో ఒకడికి మొక్కజొన్న పీచు రంగు జుట్టు. వాళ్ళ నెత్తిమీద పెద్ద అక్షరాలతో అడ్మిషన్లు జరుగుతున్నాయని ఉంది. ఇంగ్లీషులో ఉన్న మిగతా సంగతి తెలుగులో చెబుతాను: "మూడు నెలల నుంచి అయిదేళ్ళ వయసువారిని చేర్చుకుంటాం. రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తాం. ఎండ తగలకుండా పైన షేడ్ నెట్ కట్టాం. పేలు పడితే వెంటనే మందు కొడతాం. అవసరమైతే లారీలో ఇంటికి పంపుతాం."

పేలు ఎక్కడివంటే, మొక్కలకు పట్టే పేనుబంక పురుగుకు ఇంగ్లీషు మాట తెలియక మావాడు సగమే రాశాడు. గుబురుగా పెరగడానికి తల కత్తిరిస్తామని కూడా రాశాడట. అక్కడ మాత్రం ఆ ఉత్తరాది మనిషికి అనుమానం వచ్చి, జుట్టు కత్తిరిస్తామని సవరించాడు. 40 వేలను 400 చేశాడు. ఎవరో గాని, బుద్ధిమంతుడే.

పక్క తోటాయన కొబ్బరిముక్క నములుతూ, "మా మనవడికి సీటు దొరుకుతుందా?" అన్నాడు.

కంపెనీకి ఫోను చేశాను. నమూనా పంపామని, దానికి మీరే ఆమోదం తెలిపారని చెప్పారు. నిజమే. తొలకరి అమ్మకాల హడావిడిలో మా బావమరిది తెరవకుండానే బొటనవేలి బొమ్మ పంపాడు. ఇప్పుడు మార్చాలంటే మరో 9 వేలు. పోనీ, రాజమహేంద్రవరం కుర్రాడితో చేయించుకుందామంటే సైటు పేరు వాళ్ళ ఖాతాలో నమోదై ఉంది. అది బదిలీ కావాలంటే వాళ్ళే తాళం తీయాలి. సంబంధిత ఉద్యోగి సెలవులో ఉన్నాడన్నారు. ఆ సెలవు ఇంకా పూర్తి కాలేదు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. ఆలమూరు నుంచి ఒక తల్లి అడిగింది: "మా వాడికి మూడేళ్ళండీ. ఇంకా రాత్రిళ్ళు తడిపేస్తున్నాడు. పరవాలేదా?" మా గుమాస్తాకు మాట సగమే వినిపించింది. "తడి ఎక్కువైతే వేరు కుళ్ళిపోతుందమ్మా. రెండు రోజులు నీళ్ళు ఆపేసి ఎండలో పెట్టండి," అన్నాడు. ఆవిడ మళ్ళీ చేయలేదు.

చివరికి ఆ కుర్రాడినే పిలిచాను. కథ మొత్తం విన్నాడు. నవ్వలేదు గాని, నవ్వకుండా ఉండడానికి వెళ్ళి కాలువ గట్టున కాసేపు నిలబడ్డాడు. వేరే పేరు చూసి, దాన్ని నా పేరున, నా ఈమెయిలుతో, నా ఎదుటే నమోదు చేయించాడు. ఇప్పుడు తోటలో ఫోటోలు తీస్తున్నాడు. నెలన్నర పడుతుంది.

నిన్న మండపేట నుంచి ఒకాయన బండిమీద వచ్చాడు, ముందు మూడేళ్ళ పిల్ల, పిల్ల చేతిలో కొత్త పలక. ఎంత చెప్పినా నమ్మలేదు, నాలుగు వరసలు తిరిగి చూశాక గాని. పిల్ల మాత్రం సంచుల మధ్య పరిగెడుతూ తిరిగి రానంది. వచ్చినందుకు ఆయన రెండు కొత్తపల్లి కొబ్బరి మామిడి అంట్లు కొన్నాడు. సంచి పైకెత్తి చూశాడు కూడా.

డబ్బులు తీసుకుంటూ మా ఆవిడ మాటల్లో మాటగా, వాళ్ళ ఊరి బడిలో ఇలాంటి పిల్లలకు ఫీజెంతని అడిగింది. ఏడాదికి 35 వేలన్నాడు. బండి మలుపు తిరిగేదాకా ఏమీ మాట్లాడకుండా నిలబడి, తర్వాత పైకి చూసింది.

"షేడ్ నెట్ ఎలాగూ ఉంది కదండీ," అంది.