తాళాలు ఎవరి చేతిలో ఉంటే ఆరా వారి మీద

కోనసీమలో ఒక బ్యాంకు శాఖకు కొత్త క్లర్కు వస్తున్నాడంటే అతని గుట్టంతా ముందే ఫైలుకెక్కుతుంది. బ్యాంకు ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ పరీక్షలో వేలిముద్రలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, అటెస్టేషన్ ఫారం, పోలీస్ వెరిఫికేషన్, అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ నివేదిక. అదే శాఖలో గీటురాయి పట్టుకుని కూర్చునే బంగారం అప్రైజర్ దగ్గరకొచ్చేసరికి ‘బజారులో ఎప్పటినుంచో ఉన్న దుకాణం’ అన్న మాటే చాలాసార్లు సరిపోతోంది. డెల్టాలో పంటకైనా, పెళ్లికైనా, చెరువు లీజుకైనా మొదట కదిలేది ఇంట్లో బంగారమే. ఆ బంగారానికి విలువ కట్టే మనిషి గురించి బ్యాంకుకు తెలిసింది అంతంతమాత్రం.

నియమాలకు కొదవ లేదు. నైతిక పతనం కిందికొచ్చే నేరంలో శిక్షపడినవారిని, దివాలా తీసినవారిని బ్యాంకు ఉద్యోగంలో పెట్టుకోకూడదని 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. నియామకాల్లో తగిన వడపోత ఉండాలని ఖాతాదారుల గుర్తింపుపై రిజర్వు బ్యాంకు ఇచ్చిన కేవైసీ ఆదేశాల్లోనూ ఉంది. తేడా వచ్చేది అమలులోనే. అమలాపురం కుర్రాడు మూడేళ్లు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉండి, రెండేళ్లు బెంగళూరులో పనిచేశాడనుకుందాం. వెరిఫికేషన్ సొంతూరి స్టేషన్‌తోనే ముగిస్తే ఆ ఐదేళ్ల సంగతి ఏమీ తెలియదు. ఉన్న ప్రతి చిరునామాకూ విడిగా పంపాలి. అనుభవ పత్రం మీదున్న నంబరుకే ఫోన్ చేసి నిర్ధారించుకోవడం ఇంకో పొరపాటు. దొంగ పత్రం చేసినవాడే ఆ నంబరూ వేసి ఉండొచ్చు. అభ్యర్థి అనుమతితో పీఎఫ్ ఖాతాలో చేరిన తేదీ, మానేసిన తేదీ చూస్తే నిజం బయటపడుతుంది. డిగ్రీ పట్టాను జిరాక్సులో కాకుండా డిజిలాకర్‌లో గానీ, నేరుగా యూనివర్సిటీ నుంచి గానీ సరిచూడాలి.

సిబిల్ దగ్గర మాత్రం కాస్త నిదానం కావాలి. బకాయిలున్న అభ్యర్థి చేరేలోగా నివేదిక సరిచేయించుకోవాలి, లేదా అప్పిచ్చిన సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి అని ఐబీపీఎస్ ప్రకటనలు అడుగుతున్నాయి. రుణ చరిత్ర బాగోలేదని స్టేట్ బ్యాంకు ఒక నియామకాన్ని రద్దు చేస్తే 2025లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. డబ్బు పట్టుకునే ఉద్యోగానికి ఆ జాగ్రత్త న్యాయమే. కానీ భీమవరం పక్కన చెరువుకు వైట్‌స్పాట్ వైరస్ తెగులు తగిలి తండ్రి రొయ్య మొత్తం పోగొట్టుకుంటే, కొడుకు విద్యారుణం వాయిదాలు ఆగిపోతాయి. ఇంకొకడు మూడు నెలల్లో ఆరు లోన్ యాప్‌లలో చిన్న చిన్న అప్పులు చేసి ఉంటాడు. ఇద్దరి స్కోరూ ఒకటే కావొచ్చు, బ్యాంకుకు ప్రమాదం మాత్రం ఒకటి కాదు. అందుకే అంకె చూసి ఫైలు మూసేయకుండా ఏ అప్పు, ఎప్పుడు తీసుకున్నారు, ఏ నెల నుంచి ఆగింది అని వరుసలన్నీ చదవాలి. అభ్యర్థిని రాతపూర్వకంగా వివరణ అడగాలి. అభ్యర్థి తన మీదున్న క్రిమినల్ కేసు దాచిన సందర్భాల్లోనూ దాని తీవ్రతను తూచి నిర్ణయించాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అప్రైజర్. బంగారు పూత దళసరిగా వేసిన గొలుసును గీటురాయి మీద పైపైన గీస్తే మేలిమిగానే కనిపిస్తుంది. అప్రైజరే కుమ్మక్కైతే తన మనుషుల పేర్లతో అలాంటి నగలు తాకట్టు పెట్టించి, గడువు రాగానే రెన్యువల్ చేయిస్తూ పోతాడు. వేర్వేరు ఖాతాల్లో ఒకే ఫోన్ నంబరు, ఎప్పటికీ విడిపించని నగలు కనిపిస్తే అనుమానించాలి. నియమించేముందే అతని మీద, కుటుంబ సభ్యుల మీద ఏ శాఖలో ఎన్ని బంగారు రుణాలున్నాయో, ఇంతకుముందు పనిచేసిన శాఖలో ఎందుకు మానేశాడో రాయించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికోసారైనా వేరే ఊరి అప్రైజర్‌తో తాకట్టు నగల సంచులు తెరిపించి మళ్లీ తూకం వేయించాలి.

బ్యాంకు తరఫున ఊళ్లోనే వేలిముద్ర తీసుకుని ఖాతాలోని డబ్బు ఇచ్చే బ్యాంక్ మిత్రల విషయమూ ఇంతే. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు తీసుకోవడానికి ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఊళ్లోని ఆ చిన్న గదికే. ‘వేలిముద్ర పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు’ అన్న ఒక్క మాటతో రెండుసార్లు డబ్బు లాగేయొచ్చు. స్లిప్ ఇవ్వకపోతే ఆమెకు అప్పటికప్పుడు తెలియకపోవచ్చు.

చేరేటప్పుడు మచ్చలేని మనిషి ఐదేళ్లకు అప్పుల్లో కూరుకుపోవచ్చు. కీలక సీట్లలో ఉన్న ఉద్యోగులను ఏటా కనీసం 10 పనిదినాలు ఒకేసారి, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన అందుకే వచ్చింది. వాళ్లు లేని రోజుల్లో లెక్కలు ఇంకొకరి చేతిలోకి వెళ్తాయి. అప్రైజర్‌కూ బ్యాంక్ మిత్రకూ బ్యాంకులు ఇదే పద్ధతి పెట్టాలి. మేనేజరు నెలకోసారి బ్యాంక్ మిత్ర గదికి వెళ్లి, రిజిస్టర్‌లోంచి ఐదు పేర్లు తీసి, ఆ ఇళ్లకు వెళ్లి పాస్‌బుక్ చూస్తే చాలు, దానికి ఒక్క పూట పడుతుంది.