పేటకో గేజ్ కావాలి

విశాఖలో మెట్రో పట్టాలు ఇంకా పడలేదని బాధపడేవాళ్లను చూస్తే నాకు జాలి. 2014 విభజన చట్టంలో దాని మాట వచ్చింది మొదలు నేను నిశ్చింతగానే ఉన్నాను. పట్టాలు వేశాక వాటి మధ్య ఎడం, అదే గేజ్, మార్చాలంటే తలప్రాణం తోకకొస్తుంది. వేయకముందైతే ఎన్నేళ్లయినా వాదించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. దేశంలో తొలి రైలు కదలకముందే గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆరడుగుల ఎడం కావాలని పట్టుబట్టాడు. ఇంజనీరు సిమ్స్ ఐదున్నర చాలన్నాడు. ఆ ఐదున్నరే, అంటే 1676 మిల్లీమీటర్లే, ఇప్పటి మన బ్రాడ్ గేజ్.

కాబట్టి వాదనకు ఇదే శుభముహూర్తం. హైదరాబాద్ మెట్రోలాగే 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ వేస్తే సరిపోతుందని కొందరి అభిప్రాయం. ఊరంతటికీ ఒకటే గేజా? గాజువాకకో గేజ్, పెందుర్తికో గేజ్, మద్దిలపాలేనికో గేజ్ ఉండాలని నా డిమాండ్. భీమిలి సంగతి మరీను. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, నిన్నమొన్నటి పేటల కొలతలో ప్రయాణం చేస్తుందా?

ఇందులో అభివృద్ధి ఏముందని అడుగుతారు. ఇంగ్లండులో బ్రూనెల్ అనే ఇంజనీరు తన లైనుకు ఏడడుగుల పావు అంగుళం పెట్టాడు. ఏడడుగులు ఎవరైనా పెడతారు, ఆ పావు అంగుళం దగ్గరే మనిషి విలువ తెలుస్తుంది. మిగతావాళ్లది నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. రెండూ గ్లోస్టర్‌లో ఎదురుపడేసరికి ఒక వ్యాగన్‌లోని సరుకంతా దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది. ఎంత ఉపాధి! పార్లమెంటు ఓర్వలేక 1846లో చట్టం చేసి, కొత్త లైన్లకు చిన్న గేజే ఖాయం చేసింది. ఆస్ట్రేలియావాళ్లు మనకంటే తెలివైనవాళ్లు. సిడ్నీవైపు 1435, మెల్బోర్న్‌వైపు 1600 పెట్టుకుని, 1962 దాకా ప్రయాణికుల్ని ఆల్బరీలో దించి రైలు మార్పించారు.

అంత దూరం ఎందుకు, మన శ్రీకాకుళం జిల్లా నౌపడనే తీసుకోండి. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్నరైలు గేజ్ రెండున్నర అడుగులు. మెయిన్ లైనుదేమో ఐదున్నర. చిన్నబండి దిగి పెద్దబండి ఎక్కేలోపు నౌపడ ప్లాట్‌ఫాం మీద టీలు అయ్యేవి, ఊళ్ల కబుర్లు అయ్యేవి. మా పెద్దమ్మ పెళ్లి సంబంధం అక్కడే కుదిరిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1992లో దేశమంతా ఒకే గేజ్ అని రైల్వే సంకల్పం చెప్పుకుంది. దరిమిలా ఆ లైనూ బ్రాడ్ గేజ్ అయిపోయింది. ఆ లైను మీది గుణుపూర్ బండి ఇప్పుడు నేరుగా విశాఖ వచ్చేస్తోంది. ఇక సంబంధాలు ఎక్కడ కుదురుతాయి?

నిజం చెప్పాలంటే నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. గేజ్ ఒకటైనంత మాత్రాన ఈ ఊళ్లో బండి తిన్నగా పోతుందా? హౌరా నుంచి చెన్నై పోయే రైలు విశాఖ స్టేషన్‌లోకి వస్తే, ఇంజను అటు కొసకు మారి వచ్చిన దారినే వెనక్కి బయల్దేరుతుంది. ఆ బాధ పడలేని బండ్లు దువ్వాడ మీదుగా పోతాయి. అర్ధరాత్రి దువ్వాడలో దిగినవాడికి గేజ్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కూర్మన్నపాలెం దాకా ఒక ఆటో, గాజువాక దాకా ఇంకోటి, ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర మరోటి. ప్రతిచోటా "ఇక్కడితో లాస్టు, దిగండి" అన్న మాట. పట్టాల్లేకుండానే ఆల్బరీని మించిపోయాం. దానికి పట్టాలు కూడా వేయమంటున్నానంతే.

ముందుగా మహారాణిపేట గేజ్ తేల్చేద్దామని మొన్న ఆదివారం టేపు పట్టుకుని నేనూ మా బావమరిదీ బీచ్ రోడ్డుకెళ్లాం. పక్కపక్కనున్న రెండు మురీ మిక్చర్ బళ్ల మధ్య ఎడమే మా ప్రతిపాదన. మిక్చర్ కోసం రైలు దిగాల్సిన పనుండదు. తీరా కొలిస్తే మావాడు అంగుళాలు చదివాడు, నేను సెంటీమీటర్లు చదివాను. తప్పు మాది కాదు. దేశానికి మీటర్ల పద్ధతి తెస్తామన్న ఊపులో వైస్రాయ్ లార్డ్ మేయో 1870లో మీటర్ గేజ్ పెట్టాడు. రైళ్లు మీటరులోకి వెళ్లాయి, జనం 1956 చట్టం దాకా గజాల్లోనే ఉండిపోయారు. మా బావమరిది ఇంకా అక్కడే ఉన్నాడు.

మేం ఇలా గొడవపడుతుంటే బండాయన కాసేపు చూశాడు. "ఏటి బాబూ కొలుస్తన్నారు? మున్సిపాలిటోళ్లేటి?" అన్నాడు.

మేం జవాబు చెప్పేలోపే బండిని రెండడుగులు పక్కకు లాగేసుకున్నాడు. మళ్లీ మొదట్నుంచి కొలిచాం.