సున్నా కేసుల జిల్లా

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. గంజాయి వల్ల మా దగ్గర ఎవరికీ జబ్బు చేయదు. మొక్క కొండల మీద పెరుగుతుంది, మూటలు సుంకి ఘాట్ దిగి ఆంధ్రాలోని సాలూరు వైపు పోతాయి, దారిలో పట్టుబడితే కాటా వేసి పేపరుకు ఫొటో దిగుతారు. కిలో లోపు అయితే కొద్దిపాటి సరుకని, 20 కిలోలు దాటితే వ్యాపారమని మత్తుమందుల చట్టంలో లెక్కలున్నాయి. ఒంట్లోకి పోయిన గ్రాములకు ఏ కాటా లేదు కనుక అవి లేనట్టే.

నమ్మకపోతే మా ఊరి ఆస్పత్రి రిజిస్టర్ చూడండి. గ్యాస్, నీరసం, వేడి చేసింది, గాలి సోకింది. ఆఖరిదానికి దిసారి (కొండ ఊళ్ల నాటువైద్యుడు) దగ్గరా వైద్యం ఉంది, ఫీజు కోడిపుంజు.

మొన్నామధ్య ఒక అల్లుడుగారు వచ్చారు. తెల్లారితే వాంతులు. వేణ్ణీళ్లు పోసుకుంటే కాస్త నెమ్మదిస్తుంది, అందుకని బాత్‌రూమ్‌లోనే కాపురం, ఇంట్లో కరెంటు బిల్లు గొడవ. స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. "అలవాట్లేమైనా ఉన్నాయా బాబూ?" అని డాక్టరుగారు అడిగారు. "మా అల్లుడుగారు టీ కూడా ముట్టరండీ" అని మామగారు జవాబిచ్చారు. అల్లుడు చెప్పుల వంక చూసుకున్నాడు. చీటీ మీద గ్యాస్ మాత్ర పడింది.

ఏళ్ల తరబడి గంజాయి తాగేవాళ్లకు సరిగ్గా ఇవే వాంతులు, ఇదే వేణ్ణీళ్ల పిచ్చి పట్టుకుంటాయని ఆస్ట్రేలియా డాక్టర్లు 2004లోనే రాశారు. మానేస్తే తగ్గుతుందట. మానాలంటే ముందు ఒప్పుకోవాలి కదా, అదీ మామగారి ఎదురుగా!

కెనడావాళ్లకు ఇంత మర్యాద తెలీదు. ఒంటారియోలో ఈ వాంతులతో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు 2014 నుంచి 2021కి 13 రెట్లయ్యారని వాళ్లే లెక్కగట్టి, వాళ్లే కంగారు పడుతున్నారు. రాసుకోకపోతే ఈ టెన్షన్ ఉండేదా? మన దేశంలోనూ ఎయిమ్స్ వాళ్లు 2019లో ఒక సర్వే బయటపెట్టారు. గంజాయి, భంగు వాడకం ముదిరి సాయం కావాల్సినవాళ్లు 72 లక్షల మంది అన్నారు. అందులో మా వాళ్లు ఒక్కరూ లేరు, రిజిస్టరే సాక్షి.

పూర్వం ఇందుకు తలకిందులు. 1893-94లో బ్రిటిష్ గంజాయి కమిషన్ పిచ్చాసుపత్రుల కేసులు తిరగతోడింది. పోలీసు చీటీలో గంజాయి అని ఉంటే చాలు, పిచ్చికి కారణం అదేనని రాసేసేవారట. ఆరా తీస్తే సగానికి పైగా నిలబడలేదు. అప్పట్లో అడక్కుండా రాశారు, ఇప్పుడు అడక్కుండా వదిలేస్తున్నారు. అడక్కపోవడం మాత్రం చెక్కుచెదరలేదు.

గంజాయి తాగినందుకు ఆరు నెలల జైలు పడొచ్చని అందరికీ తెలుసు. తనంతట తాను చికిత్సకు వచ్చి పూర్తిచేసిన బానిసకు అదే చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ ముక్క గోడ మీద రాయడానికి పెయింటు చాలలేదు.

నాదొక సలహా. పేషెంటును అడిగే ముందు మామగారిని టీకి పంపాలి. ఆ పది రూపాయలు మందుల పద్దులో రాయాలా, జబ్బుల నిఘా పద్దులోనా అన్నది పైవాళ్లు తేల్చేదాకా గ్యాస్ మాత్రలు స్టాకులో ఉంచితే చాలు.