కొండ మీద గిటార్‌కు కరెంటు ఎక్కడిది?

మ్యూజిక్ వీడియోల్లో అరాచకం రాజ్యమేలుతోందని కొందరు పెద్దలు తెగ బాధపడిపోతుంటారు. వాళ్లను చూస్తే నాకు జాలి. ఇంత కట్టుదిట్టమైన క్రమశిక్షణ ఉన్న రంగం ఇంకొకటుంటే చూపించమనండి! సౌండు పూర్తిగా తీసేసి పది సెకన్లు చూస్తే చాలు, అది మెటలో, ర్యాపో, విరహగీతమో చెప్పేయొచ్చు. పాట వినాల్సిన అవసరమే లేదు. నేను చాలాకాలంగా సంగీతాన్ని ఇలా మ్యూట్‌లోనే అధ్యయనం చేస్తున్నాను. నా అభిప్రాయాలకు ఇంతవరకూ ఏ లోటూ రాలేదు.

ముందు రాక్ సంగతి. గిటార్ సోలో మొదలయ్యే వేళకు గిటారిస్టు కొండకొమ్మునో ఎడారిలోనో ఉండాలి. గాలి బాగా వీచాలి. కరెంటు మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు. ఇందుకు ప్రామాణిక గ్రంథం 1992లో వచ్చిన, గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికన్ రాక్ బృందం వారి 'నవంబర్ రెయిన్' వీడియో. లోపల పెళ్లి జరుగుతుంటే గిటారిస్టు స్లాష్ చర్చిలోంచి నడుచుకుంటూ బయటికొస్తాడు. చుట్టూ బయలు, దుమ్ము, పైన గిరికీలు కొట్టే కెమెరా. ఎలక్ట్రిక్ గిటార్‌కు వైరు లేదు, ఆంప్లిఫయర్ లేదు, మోత మాత్రం ఆకాశాన్నంటుతోంది. ఆ పెళ్లి విందులోనే ఉన్నట్టుండి వాన కురిస్తే ఒక అతిథి ఏ చూరు కిందికో పరిగెత్తక తిన్నగా కేకు మీదికి దూకేస్తాడు. ఆయనకు వానంటే భయమా, కేకు మీద కక్షా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు.

మెటల్‌కు, అంటే రాక్‌లోనే మరీ మోత ఎక్కువైన శాఖకు, గాలి ఒక్కటే చాలదు, చలి కూడా ఉండాలి. నార్వే బ్లాక్ మెటల్ వాళ్లయితే ముఖానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ నల్లరంగు పులుముకుని అడవిలోకి పోయి అరుస్తారు. ఆ అడవి వాళ్లకు చేసిన ద్రోహమేమిటో చెప్పరు. మంచులో డ్రమ్స్ సెట్టు మొత్తం కొలువుదీరి ఉంటుంది. దాన్ని అక్కడిదాకా మోసినవాళ్ల ముఖాల్లో అసలైన కోపం కనబడేది, కానీ వాళ్లను ఫ్రేములోకి రానివ్వరు.

వాహన శాస్త్రం ఇంకా సూక్ష్మమైనది. ర్యాప్ వీడియోలో కారు ఖరీదైనదై ఉండాలి, కదలకూడదు. దాన్ని ఆనుకుని నిలబడాలి. అమెరికా పల్లెల వాసన కొట్టే కంట్రీ సంగీతంలో బండి తప్పనిసరిగా కదలాలి, కదిలితే వెనక దుమ్ము లేవాలి. ఒకచోట మట్టి అంటితే పరువు పోతుంది, ఇంకొకచోట మట్టి అంటకపోతే పోతుంది. ఇక ర్యాపర్ వెనక నిలబడే ఆ పాతిక మందిని తలుచుకుంటే నాకు గౌరవం పొంగుకొస్తుంది. వాళ్లకు మాట లేదు, పాట లేదు. వెనక నిలబడి తలాడించడమే ఉద్యోగం. నేను చాలా కార్యాలయాల్లో అదే పని చూశాను, కానీ ఇంత శ్రద్ధగా చేసినవాళ్లు కనబడలేదు. 1990ల్లో దర్శకుడు హైప్ విలియమ్స్ ఫిష్-ఐ లెన్సు పెట్టి ర్యాపర్లను తెరలోంచి మన మీదికి ఉబికి వచ్చేలా చూపించాడు. 1997లో ర్యాపర్ మిస్సీ ఎలియట్‌కు గాలి నింపిన నల్లటి సూటు కూడా తొడిగించాడు. ఆ తర్వాత ఎంతమంది ముఖాలు గుండ్రంగా ఉబ్బాయో లెక్క లేదు.

విరహగీతాలది మరో లోకం. అందులో వాన కిటికీకి అవతల పడాలి, గాయని ఇవతల ఉండాలి. పియానో ఎక్కడైనా ఉండొచ్చు, ఇంట్లో తప్ప. సముద్రపు ఒడ్డున అయితే మరీ మంచిది. అన్నిటికన్నా ముఖ్యం స్లో మోషన్. జుట్టు నెమ్మదిగా ఎగురుతుంది, కన్నీటిబొట్టు నెమ్మదిగా జారుతుంది, పెదాలు మాత్రం పాటతో తు.చ. తప్పకుండా కలుస్తాయి. ఎలాగంటే, షూటింగులో పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు, కెమెరా సెకనుకు 24కు బదులు 48 ఫ్రేములు తీస్తుంది. అంటే మనం గుండె చిక్కబట్టుకుని చూసే ఆ వేదన, తీసేటప్పుడు కీచుగొంతుతో పరుగులు పెట్టే పాట! దానికి తగ్గట్టు పెదాలు గబగబా ఆడిస్తూనే ముఖంలో విషాదం నిలపాలి. నటనకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష నాకు తెలియదు.

ఎలక్ట్రానిక్ సంగీతం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డీజే రెండు చేతులూ గాల్లోనే ఉంటాయి, మరి మీటలు నొక్కేదెవరని అడగకూడదు. కె-పాప్‌లో పల్లవికో గది, గదికో దుస్తులు. నాలుగు నిమిషాల్లో అన్నిసార్లు బట్టలు మార్చుకుని ఒక్క అడుగైనా తప్పనివాళ్ల ముందు ఏం మాట్లాడతాం?

నియమాలను ధిక్కరించినవాళ్లూ లేకపోలేదు. 1985లో ద రీప్లేస్‌మెంట్స్ అనే బృందం వీడియో అంతా ఒక స్పీకరును చూపించి ఊరుకుంది. చివర్లో ఒకడు లేచి ఆ స్పీకరును తన్ని వెళ్లిపోతాడు. అదీ ధైర్యం! తర్వాతివాళ్లు ఆ ధైర్యాన్ని కూడా పద్ధతిగా మార్చుకున్నారు. ఖర్చు పెట్టలేదని తెలియడానికి మసకబారిన పాత వీడియోటేపు రంగులు, వణికే కెమెరా ఇప్పుడు ఇండీ వాళ్ల, అంటే పెద్ద కంపెనీల అండ లేని బృందాల యూనిఫారం.

ఈ సరిహద్దుల కాపలా ఆషామాషీగా సాగలేదు. అమెరికాలో మ్యూజిక్ వీడియోల చానల్ ఎమ్‌టీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. మాది రాక్ చానల్ అంటూ మొదట్లో నల్లజాతి కళాకారులను దాదాపుగా గడప తొక్కనివ్వలేదు. 1983లో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ ఆ చానల్ ఇంటర్వ్యూలోనే ఇదేమిటని నిలదీశాడు. ఎక్కడో ఊళ్లలో జనం నల్లజాతి గాయకుడు ప్రిన్స్‌ని చూసి హడలిపోతారన్నది వచ్చిన జవాబుల్లో ఒకటి. ముఖాలకు రంగు పూసుకుని నోట్లోంచి నిప్పులు కక్కే బృందాలు ఉన్న రాక్‌లో, జనం హడలిపోయేది ప్రిన్స్‌ని చూసి! ఆ ఏడాదే మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' వీడియో తెర మీదికి వచ్చి, అదే పాటకు ఆయన ఒక టీవీ కార్యక్రమంలో మూన్‌వాక్ చేశాక జనం హడలిపోవడం మానేసి కాళ్లను వెనక్కి జార్చడం నేర్చుకున్నారు.

2019 మార్చిలో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను, పాటలకు ర్యాంకులిచ్చే అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ తన కంట్రీ పట్టికలోంచి తీసేసింది. కంట్రీ లక్షణాలు చాలలేదట. మే నెలలో వీడియో వచ్చింది. నా మ్యూట్ పద్ధతిలో పరీక్షించాను. గుర్రం ఉంది, టోపీ ఉంది, పక్కన కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ కూడా ఉన్నాడు. వెనకాముందూ చూడకుండా కంట్రీ అని రాసేశాను. పాట ప్రధాన పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది, కంట్రీ పట్టిక తలుపు మాత్రం తెరుచుకోలేదు. నా శాస్త్రం తప్పే ప్రసక్తి లేదు కాబట్టి, ఆ తలుపు దగ్గర చూసేది గుర్రాన్ని కాదేమోనని చిన్న అనుమానం.

మొన్న ఒక వీడియో చూశాను. మంచు, అడవి, నలుపూ తెలుపూ పూసిన ముఖం. మెటల్ అని రాసుకుంటుండగా చెయ్యి తగిలి సౌండు వచ్చింది. ఎవరో జోలపాట పాడుతున్నారు, చాలా బాగుంది. వెంటనే ఫిర్యాదు పెట్టాను.