పుట్టుమచ్చ మీకేం చేసిందబ్బా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో తలెత్తితే చాలు, చీరల షాపోళ్ల ఫ్లెక్సీలే. ఫొటోని కంప్యూటర్లో ఎట్టా చెక్కినారో గానీ, వాటి మీది పిల్ల మొహం మీద మచ్చ లేదు, మెడ మీద గీత లేదు. నడుమైతే మరీ! అందులో పేగులు ఎట్టా పట్టినాయి? ఆరు గజాల చీర అమ్మేదానికి మనిషి ఎముకలు కూడా చెక్కాలా?

సరే, వాళ్లది యాపారం. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకేమొచ్చింది? మా పిన్ని కూతురు చామనచాయ పిల్ల, చక్కగా ఉంటది. ఆల్బమ్‌లో చూస్తే సున్నం కొట్టిన గోడ. బుగ్గ మీది పుట్టుమచ్చ మాయం. "ఎవరే ఈ పిల్ల?" అని అడిగింది వాళ్ల అవ్వ! ఏందయ్యా ఇది అంటే, అడక్కుండానే చేస్తారంట, ప్యాకేజీలోనే ఉందంట. అంటే మన మచ్చ తీసేసినందుకు డబ్బులూ మనమే కట్టాల.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ప్రకటనలో మోడల్ ఒళ్లు సన్నం చేసినా లావు చేసినా 'రీటచ్ చేసిన ఫొటో' అని దాని మీదే రాయాల. రాయకపోతే 37,500 యూరోల జరిమానా. నార్వే కూడా 2022లో అట్టాంటి చట్టమే అమల్లోకి తెచ్చింది. మన దగ్గర? ఎవురికి పట్టింది!

పక్కింట్లో ఇంటర్ చదివే పిల్ల రాత్రిపూట అన్నం మానేసింది. లావుగా ఉన్నానంట. గాలొస్తే ఎగిరిపోయేట్టుంది, లావేంది తల్లీ? ఫోన్లో ఎవురో హీరోయిన్ నడుము చూపిస్తది. ఆ నడుము ఆ హీరోయిన్‌కే లేదే! మొన్న చేపల పులుసు కూడా వద్దనింది. నెల్లూర్లో పుట్టి, మామిడికాయ వేసిన చేపల పులుసు!