పిల్లాడి ఫోన్ లాక్కుంటాం, హాల్లో కెమెరాను మాత్రం నమ్మేస్తాం

పోయిన వేసవి సెలవుల్లో గుంటూరు బ్రాడీపేటలో మా అక్కయ్య వాళ్లింట్లో పెద్ద గొడవైంది. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మేనల్లుడి గేమ్ ఐడీని ఎవరో లాగేసుకున్నారు. రెండేళ్లు ఆడి పెంచుకున్న లెవెల్, పుట్టినరోజు డబ్బులతో కొనుక్కున్న డ్రెస్సులు, తుపాకీ స్కిన్లు అన్నీ దాంతోపాటే పోయాయి. మూడు రోజులు వాడు నోరు విప్పలేదు. అన్నం మధ్యలో వదిలేసి లేచిపోతుంటే అక్కయ్య కూర్చోబెట్టి అడిగింది, అప్పుడు చెప్పాడు. వినగానే బావ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఈ దిక్కుమాలిన ఆటలొద్దని ఎన్నిసార్లు చెప్పాను" అని రాత్రి దాకా తిడుతూనే ఉన్నాడు. ఐడీ ఎలా పోయిందని మాత్రం ఆ రోజు ఇంట్లో ఎవరూ అడగలేదు.

మర్నాడు నేను వెళ్లి అడిగాను. నాలుగు నెలలుగా వీడితో కలిసి ఆడుతున్న ఒక 'అన్న' ఉన్నాడట. మైకులో మన యాసలోనే మాట్లాడేవాడు, మాది మంగళగిరి అని చెప్పాడు. ఆటలో వీడు పడిపోతే తన ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ వచ్చి లేపేవాడు. ఒకసారి చిన్న డ్రెస్సు కూడా గిఫ్టుగా పంపాడు. ఒక సాయంత్రం లింకు పంపి, "మన టీమ్ టోర్నమెంట్‌కి వెళ్లాలంటే ఓట్లు కావాలిరా, పది నిమిషాల్లో క్లోజ్ అయిపోతుంది, తొందరగా వేసెయ్" అన్నాడు. లింకు నొక్కితే లాగిన్ పేజీ వచ్చింది, రోజూ చూసే పేజీలాగే ఉంది. వీడు పాస్‌వర్డ్ కొట్టాడు, వచ్చిన ఓటీపీ కూడా కొట్టాడు. మరో పది నిమిషాలకు ఐడీ వాడి చేతిలో ఉంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ నాలుగు నెలలే. మనం పిల్లలకు "తెలియనివాళ్లతో మాట్లాడొద్దు" అని చెబుతాం. నాలుగు నెలలు రోజూ రాత్రి కలిసి ఆడినవాడు పదిహేనేళ్ల పిల్లాడికి తెలియనివాడు ఎలా అవుతాడు? ఫేక్ ఐడీ అంటే మన బుర్రలో ఒక బొమ్మ ఉంది. డీపీ ఉండదు, నిన్నగాక మొన్న తెరిచిన అకౌంట్, పేరు చివర ఎనిమిది అంకెలు, వచ్చీరాని భాష. అలాంటివాటిని మా మేనల్లుడు ఒక్క చూపులో పట్టేస్తాడు, నాకంటే ముందే పట్టేస్తాడు. వాడు మోసపోయింది ఓపిక ఉన్నవాడి చేతిలో.

ఈ ఓపికకు పెద్దవాళ్లు కూడా దొరికిపోయారు. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లలో చాలావాటిలో అది ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని దాదాపు ఒక్క మనిషే, జీతం లేకుండా, తీరిక వేళల్లో చూసుకున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒక ఐడీ వచ్చి చిన్న చిన్న మార్పులు చేసి పంపడం మొదలుపెట్టింది. 2022లో ఇంకొన్ని ఐడీలు వచ్చాయి. పనులు ఆలస్యమవుతున్నాయి, మీ వల్ల కాకపోతే ఇంకొకరికి అప్పగించండి అని ఆ మనిషిని పోరు పెట్టాయి. ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నా ఊరుకోలేదు. చివరికి బాధ్యతల్లో వాటా జియా టాన్‌కి దక్కింది, పోరు పెట్టిన ఐడీలు మళ్లీ కనిపించలేదు. 2024 ఫిబ్రవరిలో జియా టాన్ ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టాడు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటి అని తవ్వుకుంటూ వెళ్లిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. లేకపోతే అది లోకమంతా పాకేది. జియా టాన్ వెనక ఉన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. పోరు పెట్టిన ఐడీలు కూడా అదే చేతి పని అని పరిశీలించినవాళ్ల అనుమానం.

మంగళగిరి 'అన్న' చేసింది కూడా ఇదే వరస. ముందు సాయం, తర్వాత నమ్మకం, ఆఖర్న తొందర. ఆ తొందర దగ్గరే మనం వాళ్లను పట్టుకోగలం. ఐడీ వయసు, డీపీ, భాష అన్నీ దొంగ తయారు చేసుకోగలడు. ఆలోచించుకునే టైమ్ మాత్రం మనకు ఇవ్వలేడు, ఇస్తే వాడి పని చెడిపోతుంది.

డబ్బు ఆటల గ్రూపుల్లో ఇది ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక కుర్రాడిని ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో యాడ్ చేశారు. ఎరుపా, ఆకుపచ్చా చెప్పు, డబ్బు గెలుచుకో అనే రకం. రోజంతా అందులో "అన్నా, ఈరోజు 8 వేలు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పడుతూనే ఉంటాయి. అన్నీ మన పేర్లే, మన ఊళ్లే. పద్దెనిమిది వేలు పోయాక ఒక రాత్రి వాడు పాత స్క్రీన్‌షాట్లు వెనక్కి జరుపుకుంటూ చూశాడు. ఇద్దరు వేర్వేరు 'విజేతల' ఫోన్లలో టైమ్ 9:12, బ్యాటరీ 37 శాతం. ఒకే ఫోటో మీద రెండు పేర్లు. గ్రూపులో వందల మంది మాట్లాడుకుంటున్నారని వాడు అనుకున్నాడు. మాట్లాడింది ఒకరో ఇద్దరో.

చట్టం లేక కాదు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లోనే సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసినా 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఈ కేంద్ర చట్టంలో ఆడి పోగొట్టుకున్నవాడికి శిక్ష లేదు, ఇది తల్లిదండ్రులకు గట్టిగా తెలియాలి. పిల్లలు ఫిర్యాదు చేయకపోవడానికి సగం కారణం తామే నేరం చేశామన్న భయం. డబ్బు పోయిన గంటలోపే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే అది ఇంకా బ్యాంకుల్లో ఎక్కడో ఒకచోట ఆగే అవకాశం ఉంటుంది. ఈ కుర్రాడు ఫోన్ చేసింది పదకొండో రోజున.

అదే కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పందెం లేకుండా నైపుణ్యంతో పోటీపడే వీడియో ఆటలను, వేరుగా చూసి ప్రోత్సహించమంటోంది. ఆ తేడా మన ఇళ్లలో లేదు. పేకాట యాప్ అయినా, నలుగురు స్నేహితులు కలిసి ఆడే ఆట అయినా మనకు 'ఫోన్ గేమే'. 2020 సెప్టెంబరులో పబ్‌జీని మరో 117 యాప్‌లతో కలిపి కేంద్రం నిషేధించింది. 2021 జూలైలో దాని భారత రూపం బీజీఎంఐ వచ్చింది, ఏడాదికి అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో పిల్లలు ఆట మానేశారా? ఎక్కడెక్కడి నుంచో ఏపీకే ఫైళ్లు (స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్ ఫైళ్లు) తెచ్చి ఎక్కించుకున్నారు, అందులో ఏమేం కలిపి ఇచ్చారో ఎవరికి తెలుసు. ఆట వ్యసనంగా మారడం నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2019లో జబ్బుల జాబితాలో చేర్చింది. కానీ చదువు, నిద్ర, తిండి అన్నీ దెబ్బతింటున్నా ఆపుకోలేక నెలల తరబడి ఆడేవాడి గురించి వాళ్లు చెప్పిన మాట అది. సెలవుల్లో రోజుకు రెండు గంటలు ఆడేవాడికి ఆ పేరు పెట్టడం అన్యాయం.

ఇక కెమెరా సంగతి. మేనల్లుడి ఫోన్ బీరువాలో ఉన్న ఆ హాల్లోనే టీవీ పైన ఒక కెమెరా ఉంది. అమెరికాలో ఉన్న బావ తమ్ముడు, పెద్దవాళ్లు ఎలా ఉన్నారో చూసుకోవచ్చని పెట్టించాడు. గుంటూరులో, విజయవాడలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇది మామూలైపోయింది, దాన్ని తప్పు పట్టను. అత్తయ్యగారు జారిపడితే ముందు చూసేది ఆ కెమెరానే. అయితే దాని పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే ఎవరికీ తెలియదు. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే "అడ్మిన్ అని కొట్టండి సార్, అందరికీ అదే పెడతాం" అన్నాడు. వైఫై పాస్‌వర్డ్ బావ ఫోన్ నంబరు. అది ఇంటి గేటు మీద టులెట్ బోర్డులో కూడా ఉంది.

దీన్ని చిన్న విషయం అనుకోకండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ ఇలాంటి కెమెరాలను, రూటర్లనే వెతుక్కుంటూ తిరిగింది. దాని దగ్గర ఉన్నది అరవైకి పైగా పాస్‌వర్డ్ జతల జాబితా, అన్నీ ఫ్యాక్టరీలో పెట్టి పంపినవే. వాటితో లక్షల పరికరాలు దాని మాట వినడం మొదలుపెట్టాయి. ఆ కోడ్ బయటకు వచ్చాక ఇంకెవరో దాన్ని వాడి అక్టోబరు 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు తెరుచుకోలేదు. మిరాయ్‌ను రాసింది గూఢచారులెవరూ కాదు, ముగ్గురు అమెరికా కుర్రాళ్లు. వాళ్ల పని మైన్‌క్రాఫ్ట్ అనే ఆట చుట్టూ తిరిగింది. ఆ ఆట సర్వర్లు నడిపేవాళ్ల మధ్య డబ్బు పోటీ ఉండేది, ఒక సర్వర్‌ను కూలిస్తే ఆడేవాళ్లు పక్కదానికి వెళతారు. 2017లో వాళ్లు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. అంటే పిల్లల ఆటలో గొడవకు ముక్కూమొహం తెలియని ఇళ్లలో గోడకున్న కెమెరాలు సైన్యమయ్యాయి.

2017 డిసెంబరులో మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ఇంటింటికీ నెట్ రావడం నాకు ఇప్పటికీ సంతోషమే. ఏ కంపెనీ కనెక్షన్ అయినా పెట్టె బిగించిన రోజే, ఇంట్లోవాళ్ల ఎదురుగా పాస్‌వర్డ్ మార్పించి కాగితం మీద రాసి ఇవ్వాలన్న నియమం ఒక్కటి మనం అడగాలి. ఐదు నిమిషాల పని. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మోటారు రిపేరుకు పెట్టుకునే మీటింగులోనే దీన్ని తేల్చవచ్చు.

ఆ ఆదివారం బావ బీరువా తాళం తీసి ఫోన్ ఇచ్చాడు. నేను చెప్పానని కాదు, కెమెరా సెట్టింగులు ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాలేదు. మేనల్లుడు స్టూలు వేసుకుని టీవీ పైనుంచి కెమెరా దించాడు, వెనక స్టిక్కర్ చదివాడు, అరగంటలో దాని పాస్‌వర్డు, రూటర్‌దీ మార్చేశాడు. బావ పక్కనే కూర్చుని కొత్త పాస్‌వర్డ్ డైరీలో రాసుకున్నాడు. తర్వాత వాడు ఫోన్‌లో తన పాత ఐడీని వెతికి నాకు చూపించాడు. "మామయ్యా, చూడు, ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. నా డ్రెస్సే వేసుకున్నాడు." ముగ్గురం కలిసి రిపోర్ట్ రాశాం. ఆ 'అన్న' మొదటి రోజు ఏం మాట్లాడాడు అని బావ అడిగాడు. వాడు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.